శాకాహారంలో పాలెక్కడివి?



ముప్పది సంవత్సరాలకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించినవాణ్ణి. అటువంటి నేను ఒక్క మాటకు అర్థం విచారించక కన్నకూతురి మనసు నొప్పించాను. ఆ మాట 'శాకాహారం'.

మా చిన్నమ్మాయి హైదరాబాదులో ఒక సంస్థలో ఉద్యోగం చేస్తున్నది. మూడేళ్ళ క్రితం పాలు, పెరుగు, నెయ్యి, తేనె మానివేసి, వీగన్‌నయ్యానని చెప్పింది. ఆ మధ్య వారి సంస్థకు అమెరికా నుండి ఒక క్లయింటు వచ్చాడు. తెలుగువాడే. విస్తరి భోజనం చేయాలనీ, ఒక తెలుగు మాస్టారితో కాసేపు ముచ్చటించాలనీ కోరితే, అమ్మాయి నన్ను కూడా వెంటబెట్టుకొని వెళ్ళింది.

వడ్డించే అబ్బాయి అడగకుండానే పప్పు మీద నెయ్యి వేశాడు. అభిఘారం లేని విస్తరి మన ఊహకందదు గదా! అమ్మాయి మాట్లాడకుండా పప్పు పక్కకు జరిపి, గోంగూర పచ్చడి కలుపుకొన్నది. ఇంతలో క్లయింటు ఆప్యాయంగా పూతరేకు తీసి ఆమె విస్తరిలో పెట్టబోయాడు. ఆమె వద్దన్నది. "ఒక్కటే గదమ్మా!" అన్నాడాయన. నేను కల్పించుకొని, "ఈ కాలపు చాదస్తం లెండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రాని పద్యం అప్పజెప్పమన్నప్పుడు పిల్లలు నవ్వే నవ్వది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అన్నది: "నాన్నగారూ, వాళ్ళతో రేపు ధర విషయం గట్టిగా మాట్లాడవలసింది నేనే. అది కూడా చాదస్తమే అనుకుంటే?"

నా వద్ద సమాధానం లేదు.

శాకమంటే కూర. యోగార్థం ప్రకారం శాకాహారి మా అమ్మాయే. పాలూ నెయ్యీ సేవించే నేను రూఢ్యర్థం వల్ల మాత్రమే శాకాహారిని. పొట్లాల మీది ఆకుపచ్చ చుక్క కూడా రూఢినే అనుసరిస్తుంది. పాలు, తేనె ఉన్నా ఆ చుక్క ఉంటుంది. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు 1944లో 'వీగన్' అనే మాటను పుట్టించినది ఈ తేడా చెప్పడానికే. మన దేశంలో ఇటువంటి ఆహారానికి 2022లో ప్రత్యేక నిబంధనలు, వేరే గుర్తు వచ్చాయి. కాని పొట్లం మీది గుర్తు విస్తరి ముందు కూర్చున్నవారికి ఏం సాయపడుతుంది?

వ్యాపార విందులో ఒక్కపూట సర్దుకుపోతే తప్పేమిటని కొందరంటారు. నేనూ అలాగే అనుకొన్నాను. అయితే అదే బల్ల వద్ద నేను కోడిగుడ్డు వద్దంటే "ఒక్కటే గదా" అని ఎవరూ అనరు. గౌరవంగా పళ్ళెం తొలగిస్తారు. నా నియమం పాతది కనుక ఆచారం, ఆమెది కొత్తది కనుక చాదస్తం! ఇదేమి న్యాయం?

ఆమె ఎవరికీ ఉపన్యాసం ఇవ్వదు. వీలైతే భోజనశాలను తానే ఎంపిక చేసి, ముందుగా ఫోను చేసి, ఏది నూనెతో చేస్తారో ఏది నేతితో చేస్తారో కనుక్కొంటుంది. నాన్‌లో పెరుగు, ఎర్రని గ్రేవీలలో వెన్న, మీగడ దాగి ఉంటాయని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. మన పులిహోర, పెసరట్టు, నూనెలో మగ్గిన గుత్తివంకాయ, హైదరాబాదువారి బగారా బైంగన్ చాలావరకు ఇబ్బంది లేనివే. అయినా పైన నెయ్యి వేయవద్దని చెప్పాలి. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో బదులిచ్చి సంభాషణను పని మీదకు మళ్ళిస్తుంది. అతిథి చేయగలిగినది అంతే. మిగిలినది వడ్డించేవారి వంతు: వేసే ముందు అడగడం, వద్దన్న తరువాత కారణం అడగకపోవడం. కొసరి వడ్డించడం మన మర్యాదే కావచ్చు. ఎదుటివారి మొహమాటాన్ని పరీక్షించడం మర్యాద కాదు.

పక్కన కూర్చున్న తండ్రి వంతు మరొకటి ఉన్నది. నోరు మూసుకొని ఉండడం. అది నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను.

మా ఇంట్లో ఇప్పుడు ఆమె వచ్చిన రోజున పప్పులోకి నువ్వులనూనె. మొదట్లో ముద్ద దిగలేదు. ఇప్పుడు దిగుతున్నది. నా పెరుగు మాత్రం నేను వదలలేదు, ఆమె వదలమననూ లేదు.

ఇక ఒక విన్నపం. వీగన్‌కు తెలుగులో మంచి మాట కావాలి. నాకు 'కేవల శాకాహారి' తోచింది గాని, నోటికి పొడవుగా ఉన్నది. ఇంతకంటే చక్కని మాట తోచినవారు వ్యాఖ్యలో తెలుపగలరు.