ఆపరేషన్ ఉచితమే, ఆసుపత్రికి తీసుకెళ్ళేదెవరు?

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల నడుమ ఉన్న శంకర కంటి ఆసుపత్రికి రెండు రకాల రోగులు వస్తుంటారు. కళ్ళజోడు వదిలించుకోవాలని లేజర్ చికిత్సకు వచ్చే కంపెనీ ఉద్యోగులు ఒక రకం. పల్లెల్లో పెట్టిన శిబిరాల్లో శుక్లాలున్నట్లు తేలి, ఆసుపత్రి బస్సులోనే వచ్చే వృద్ధులు రెండో రకం. మొదటివారు డబ్బు చెల్లిస్తారు. రెండోవారికి ఆపరేషన్, భోజనం, వసతి, రానుపోను ప్రయాణం అన్నీ ఉచితం. కోయంబత్తూరులో పుట్టిన ఈ సంస్థ పెట్టుకున్న లెక్క ప్రకారం, ఇరవై మంది చెల్లించే సొమ్ము ఎనభై మంది పేదల చికిత్సకు ఆసరా అవుతుంది. దాతల విరాళాలు దానికి తోడు.

హైదరాబాదుకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. హైటెక్ సిటీ పేరు ఇంకా ఎవరూ వినని 1987లోనే డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలమూ, కోటి రూపాయలూ ఇచ్చారు. అక్కడ కూడా డబ్బున్నవారి ఫీజులే లేనివారికి అండ.

మరి ఇంత వైద్యం ఉచితంగా దొరుకుతుంటే పల్లెల్లో చూపు కోల్పోయినవారు ఇంకా ఎందుకున్నారు? 2015-19 జాతీయ సర్వే ప్రకారం యాభై ఏళ్ళు దాటిన అంధుల్లో నూటికి 66 మందికి కారణం శుక్లాలే. మన పెద్దలు మోతీబిందు అనే ఈ జబ్బుకు ఆపరేషన్ పట్టుమని అరగంట పని. అయినా చీకట్లోనే ఉండిపోతున్నారు. ఇది విచారకరమే కాదు, ఆలోచించవలసిన విషయం కూడా.

మా దృష్టిలో చిక్కంతా ‘ఉచితం’ అనే మాటలోనే ఉంది. ముసలాయన ఒక్కడే వెళ్ళలేడు. తోడు వెళ్ళే కొడుకు రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు వేళకు చుక్కల మందు వేయాలి, దుమ్ములోకి పోనీయకూడదు. నాట్ల కాలంలో అది ఏ ఇంట్లో సాధ్యం? ఇక స్త్రీల సంగతి చెప్పనే అక్కరలేదు. అంధత్వం పురుషుల్లో కన్నా స్త్రీలలోనే ఎక్కువని అదే సర్వే తేల్చింది. ఖుర్ఆన్‌లో అక్షరాలు కనిపించక, కంఠతా వచ్చిన సూరాలతోనే సరిపెట్టుకునే నానమ్మలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. ఆమె అడగదు, మనం గమనించం.

ప్రభుత్వం చేసింది తక్కువేమీ కాదు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగు తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. 2023లో రెండో విడత నడిచింది. ఊళ్ళోనే కళ్ళజోడు చేతికందడం చిన్న మేలు కాదు. అయితే విడత ముగిశాక శుక్లం ముదిరినవాడు, షుగరు వల్ల రెటీనా దెబ్బతింటున్నవాడు ఎవరి దగ్గరకు పోవాలి?

దీనికి ఒక జవాబు 1996లోనే ముధోల్‌లో మొదలైంది. బాసరకు దగ్గరి ఆ ఊళ్ళో ఎల్.వి. ప్రసాద్ సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రి పెట్టింది. తర్వాత అలాంటి ఆసుపత్రుల చుట్టూ, సుమారు యాభై వేల జనాభాకు ఒకటి చొప్పున చిన్న దృష్టి కేంద్రాలు వెలిశాయి. శిక్షణ పొందిన స్థానిక యువతే అక్కడ కళ్ళు పరీక్షించి అద్దాలిస్తారు. ఆపరేషన్ అవసరమైతే పై ఆసుపత్రికి పంపుతారు. పక్క ఊరి పిల్ల చెబితే ముసలమ్మకు భయం సగం పోతుంది. నెల తర్వాత చూపించుకోవడానికి ఆమె రాకపోతే, ఎవరింటికి కబురంపాలో కూడా ఆ పిల్లకు తెలుసు.

కానీ ఆ పిల్లకు నెలనెలా జీతమివ్వాలి. కేంద్రానికి అద్దె కట్టాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన సంస్థలు లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. సైబరాబాద్‌లో అలాంటి సంస్థలకు కొదవ లేదు. పేరు చెక్కిన యంత్రం, ఫోటోలు పడే శిబిరం ఇవ్వడం సులువే. ఐదేళ్ళ జీతాలకు ముందుకు రావడమే అసలైన సాయమని మేము భావిస్తున్నాము.

రంజాన్‌లో సదఖా సొమ్ము పంచే మన పెద్దలకూ ఇక్కడ పని ఉంది. తోడు వెళ్ళే మనిషి కోల్పోయే కూలి ఆసుపత్రి లెక్కల్లోకి రాదు. జుమా నమాజు తర్వాత మసీదు కమిటీ శిబిరం తేదీ ప్రకటించి, ఊళ్ళో ఏ మతం వృద్ధుడికైనా తోడెవరో, ఆ తోడుకు కూలి ఎవరిస్తారో అక్కడే తేల్చవచ్చు. మహిళా సంఘాలను కలుపుకుంటే ఇల్లు కదలని ముసలమ్మల పేర్లు కూడా ఆ జాబితాలోకి వస్తాయి.