ఓడల మ్యూజియంలో లేని ఊళ్లు

తెలుగునేల మీద సముద్ర మ్యూజియం అంటే ముందుగా గుర్తొచ్చేది విశాఖపట్నం బీచ్‌రోడ్డులోని ఐఎన్‌ఎస్ కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో విధుల నుంచి తప్పుకుని, మరుసటి ఏడే ఒడ్డెక్కి మ్యూజియంగా మారింది. రోడ్డుకు అవతల 2017లో టీయూ-142 యుద్ధవిమానం వచ్చి చేరింది. అదే దారిలో, డచ్చివారి కాలపు బంగళాలో 1991 నుంచి విశాఖ మ్యూజియం నడుస్తోంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు ఊరి మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి అక్కడ ఉంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి విహారయాత్రకు వెళ్లిన బడిపిల్లలు ఈ మూడూ చూస్తే నౌకాదళం గురించి చాలా తెలుసుకుంటారు. టార్పెడోలు, పెరిస్కోపు, ఇరుకు గదుల్లో నావికుల బతుకు, 1971 యుద్ధంలో విశాఖ ఎదుట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వారికి గుర్తుండిపోతాయి. అందులో తప్పేమీ లేదు. కానీ విశాఖ నౌకాదళ స్థావరం మాత్రమే కాదు, వర్తక రేవు కూడా. ఆ వర్తకంలో తమ ఊళ్లకు వాటా ఏమైనా ఉందా అన్న ప్రశ్న పిల్లలకు తట్టే అవకాశమే అక్కడ తక్కువ.

విశాఖ రేవు పుట్టుకే ఇందుకు మంచి ఉదాహరణ. 1933లో మొదలైన ఈ రేవు సముద్రం కోసం కట్టింది కాదు, అడవుల అవతలి గనుల కోసం కట్టింది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిన ఒడ్డుకు చేర్చడానికి రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం వేశారు. ఆ దారికి కొస కావాలి కాబట్టి రేవు వచ్చింది. కెరటాల తాకిడిని ఆపేందుకు జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ కొండ కింద కావాలనే ముంచారు. తరువాతి దశాబ్దాల్లో బైలదిల్లా ఇనుపఖనిజం జపాన్‌కు వెళ్లడం మొదలయ్యాక రేవు ఇంకా పెరిగింది. అంటే రేవు కథలో సగం ఒడ్డుకు వందల కిలోమీటర్ల లోపల నడుస్తుంది. ఓడలను మాత్రమే చూపించే మ్యూజియం మిగతా సగాన్ని వదిలేసినట్టే.

గోదావరి ఎగువనున్న జగిత్యాల ప్రాంతం ఆ వదిలేసిన సగంలోనిది, అదీ రెండువేల ఏళ్ల పైనుంచి. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజు చిముకుడి నాణేలు దొరికాయి. అంతకుముందే అక్కడ ఏలిన గోబద, నారన, సమగోప వంటి రాజుల నాణేలు కూడా దొరికాయి. నాలుగైదు ఆనవాళ్ల మీద నడిచిన శాతవాహన చరిత్ర ఈ నాణేలతో మలుపు తిరిగింది. అక్కడికి దూరం కాని పెద్దబంకూరు తవ్వకాల్లో వేలకొద్దీ శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలూ బయటపడ్డాయి. రోమన్ సామ్రాజ్యంలో ముద్రించిన వెండి పెద్దబంకూరు పక్కనున్న హుస్సేనివాగు ఒడ్డుకు చేరాలంటే ఓడ తప్పదు. వాసిష్ఠీపుత్ర పులోమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉండటం అందరికీ తెలిసిందే. ఆ నాణేలు దొరికింది తూర్పుతీరంలో. వాటిని వేయించిన వంశపు తొలి ఆనవాళ్లు మాత్రం కోటిలింగాలలో ఉన్నాయి. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుకనీరు ఆ ఊరి అంచుల దాకా వచ్చింది కనుక చరిత్రకారుల దిగులు ఇప్పుడు సముద్రం గురించి కాదు, జలాశయం గురించి.

కాకతీయుల కాలానికి ఈ బంధం శాసనంగానే నిలిచింది. సముద్రానికి ఎంతో దూరాన ఓరుగల్లులో ఉన్న గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డున పడ్డ ఓడ సరుకును రాజులు లాక్కునేవారు. ఇకపై అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు సుంకం పట్టికలో కనిపిస్తాయి. సముద్ర చట్టం మీద పాఠం చెప్పాలనుకునే ఏ మ్యూజియానికైనా ఇంతకంటే మంచి రాయి దొరకదు.

కోరుట్ల, మెట్‌పల్లి దాటి నిజామాబాద్ వైపు పోతే వచ్చే కోనసముద్రం గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. పేరులో సముద్రం ఉన్నా అది చెరువులూ పొలాలూ ఉన్న మామూలు ఊరు. పడమటి దేశాల కత్తుల ఒరల్లోకి చేరిన ఉక్కు అక్కడ తయారయ్యేది. రెండు చోట్ల తెచ్చిన ఇనుమును ముక్కలు కొట్టి, పాళ్లు చూసి కలిపి మట్టిమూసల్లో వేసేవారు. నోరు మట్టితో మూసి, కొలిమిలో ఇరవై నాలుగు గంటలు తిత్తులు ఊదేవారు. చల్లారాక మూస పగలగొడితే బెల్లం అచ్చంత ఉక్కుముద్ద బయటికొచ్చేది. దాన్ని మళ్లీ మట్టి పూసి కాల్చి మెత్తబరిచేవారు, లేకపోతే సుత్తి దెబ్బకే పగిలిపోయేది. 1820ల తొలినాళ్లలో ఈ పని చూసి రాసిపెట్టినవాడు హెన్రీ వాయిజీ అనే ఆంగ్ల వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు. ఆయన వచ్చేసరికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారసీక వర్తకుడొకడు అక్కడే మకాం వేసి, దగ్గరుండి ఇనుము తూయించుకుంటూ, ముద్దలు పరీక్షించుకుంటూ కనిపించాడు. ఆ వర్తకుడికి ఈ ఊరు కొత్త కాదు, ఎన్నో ఏళ్ల ముందూ ఇదే సరుకు కోసం వచ్చినవాడు. కత్తికి నీటిమడతల్లాంటి గీతలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని పదిహేడో శతాబ్దంలోనే ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే రాశాడు.

గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు మచిలీపట్నం. డచ్చివారు పదిహేడో శతాబ్దం మొదట్లోనే అక్కడికి వచ్చారు. 1611లో ఆంగ్లేయులు గ్లోబ్ అనే ఓడలో దిగారు. అద్దకం బట్టలకూ వజ్రాలకూ వచ్చిన పేరు పుస్తకాల్లో బాగానే నమోదైంది. ఎద్దుల బిడారుల మీద రేవు చేరి, అక్కడి నుంచి పారశీకానికి ఓడెక్కిన ఉక్కుముద్దల ఊసు మాత్రం ఎప్పుడో కానీ వినిపించదు. 2010లో భారత, బ్రిటన్ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి పాత కొలుముల జాడలు నమోదు చేశారు. మూసల పెంకులు, చిట్టెం కుప్పలు వందల చోట్ల కనిపించాయి. మచిలీపట్నం రేవు చరిత్రకు ఇవి ఓడ లంగరుతో సమానమైన సాక్ష్యం. కానీ ఇప్పటికీ ఎక్కువగా అవి పొలంగట్ల మీదే ఉన్నాయి.

సముద్రం నుంచి ఎగువకు వచ్చినవీ ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని చెప్పే జగిత్యాల కోట నక్షత్రపు ఆకారంలో, చుట్టూ కందకంతో, ఐరోపా పద్ధతిలో ఉంటుంది.

తరువాత సరుకు కంటే మనుషులే ఎక్కువగా కదిలారు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని కరీంనగర్ ప్రాంతపు యువకుల బతుకుదారిని మూడు మాటల్లో చెప్పడం తెలంగాణలో వాడుక. అందులో రెండు రేవు పట్నాలే. నిజాం రాజ్యం నుంచి కూలికి పోయిన కామాఠీల పేరు మీదే బొంబాయిలో కామాఠీపురా ఏర్పడింది. సిరిసిల్ల పద్మశాలీలు బొంబాయి, భీవండి మగ్గాల మీద పని నేర్చుకున్నారు. సిరిసిల్ల మరమగ్గాల పట్నంగా మారడం వెనక తిరిగొచ్చిన వాళ్ల పనితనం ఉంది. 1970ల్లో చమురు ధరలు పెరిగాక దారి గల్ఫ్‌కు మళ్లింది. ఆ రోజుల్లో బొంబాయి నుంచి కరాచీ, మస్కట్, దుబాయ్ మీదుగా నడిచిన నౌకల్లో ద్వారక చివరిది. 1982లో అదీ ఆగింది. దుబాయ్ పోర్ట్ రషీద్ 1972లో, జెబెల్ అలీ 1979లో తెరుచుకున్నాయి. ఆ రేవుల చుట్టూ పెరిగిన నగరాన్ని కట్టినవాళ్లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల మనుషులున్నారు. క్రీక్ ఒడ్డున షిందఘా మ్యూజియంలో ముత్యాల వేటా, దౌ ఓడలూ, వర్తకమూ ముఖ్యవిషయాలు. రేపు దాన్ని చూడబోయే సిరిసిల్ల కార్మికుడు గాజు అవతల తన పని గుర్తులు వెతుక్కుంటే అత్యాశ కాదు.

రేవు మ్యూజియం ఇలాంటి మనుషులను చూపించగలదనడానికి ప్రపంచంలో రుజువులున్నాయి. హాంబర్గ్‌లో 2007లో తెరిచిన బాలిన్‌స్టాట్ మ్యూజియం ఓడల గురించి కాదు, తూర్పు ఐరోపా పల్లెల నుంచి వచ్చి అక్కడ ఓడెక్కిన లక్షలాది వలసజనం గురించి. మారిషస్ పోర్ట్‌లూయీలో కూలీల ఓడలు ఆగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ కూలీల్లో కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఆలోచన ఇంకా తీరరేఖ దగ్గరే ఆగింది. గుజరాత్‌లోని లోథాల్‌లో కడుతున్న జాతీయ సముద్ర వారసత్వ సముదాయంలో తీరరాష్ట్రాలకు పెవిలియన్లు ప్రతిపాదించారు. తీరం లేదన్న కారణంతో కోటిలింగాల, కోనసముద్రం, ఓరుగల్లు ఆ లెక్కలోంచి జారిపోతే నష్టం తెలంగాణకే కాదు, లోథాల్‌కు కూడా.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. విశాఖలోనో, కొత్త రేవు వస్తున్న మచిలీపట్నంలోనో ఒక్క గది ఎగువ ప్రాంతాలకు కేటాయించవచ్చు. కోనసముద్రం మూస, మోటుపల్లి శాసనం నకలు, కాకినాడ రేవు గుండా చైనాకు పోయే కరీంనగర్ గ్రానైటు దిమ్మె ఒకే గదిలో ఉంటే వివరణ బోర్డు అవసరం కూడా పెద్దగా ఉండదు. గ్రానైటు దిమ్మె పక్కన, అది వచ్చిన గుట్ట పాత ఫొటో కూడా పెట్టాలి.

రెండో పని జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లోనే జరగాలి. గల్ఫ్ వలస గుర్తులు పోగేయడం అది. వలస తనిఖీ తప్పనిసరి అని చెప్పే ఈసీఆర్ ముద్ర పడ్డ పాస్‌పోర్టులు, ఏజెంటుకు కట్టిన సొమ్ము రసీదులు, ఫోన్లు లేని కాలంలో మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు, ఖల్లివల్లి అయి, అంటే సరైన కాగితాలు లేకుండా మిగిలిపోయి తిరిగొచ్చినవాళ్ల అవుట్‌పాసులు ఇంకా పెట్టెల్లో దొరుకుతాయి. 1970ల్లో ఓడెక్కిన తరం ఇప్పుడు డెబ్బై ఏళ్ల పైబడింది. మూసల పెంకులు మరో వందేళ్లు పొలంలో ఉండగలవు కనుక, ఈ రెండు పనుల్లో ముందు మొదలుపెట్టాల్సింది ఇదే.