ఆ డెబ్బై శాతం ఎక్కడిది?

గత భాగం చదివి రాజోలు నుంచి ఒక డిగ్రీ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అట్రాసిటీ కేసుల్లో నూటికి డెబ్బై దొంగ కేసులేనంట గదా, క్లాసులో అందరూ అంటన్నారు, నేనేం చెప్పాలి?" అని. అడిగాడు, సంతోషం. మనలో చాలామంది అడగరు. నమ్మేస్తారు, లేదంటే తిట్టి ఊరుకుంటారు.

తమ్ముడూ, ఆ అంకె గాల్లోంచి పుట్టలేదు. 2018 మార్చి 20న అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చిన సుప్రీంకోర్టు తీర్పులోనే దాని లెక్క ఉంది. 2015లో కోర్టులు తేల్చిన కేసులు 15,638. శిక్ష పడినవి 4,119. ఉపసంహరించుకున్నవి 495. నిందితులు బయటపడినవి 11,024. భాగించి చూడు, డెబ్బై వస్తుంది. అంకె నిజమే, దానికి తగిలించిన పేరే అబద్ధం. కొట్టేసిన కేసు వేరు, దొంగ కేసు వేరు. దర్యాప్తులో తప్పుడు కేసులని తేల్చినవాటికి లెక్క విడిగా ఉంది. 2016లో ఎస్సీల కేసుల్లో అవి 5,347 అని అదే తీర్పు చెబుతోంది. (అలా తేల్చేది పోలీసులే, అది కూడా గుర్తుంచుకో.)

కోర్టులో కేసు ఎందుకు పోతుందో పేటలో పుట్టినోడికి చెప్పాలా? సాక్షి కూలికెళ్ళేది నిందితుడి పొలానికే. వాయిదాలకి తిరిగి తిరిగి ముసలైపోతాడు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కొందరి శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మీ క్లాసు లెక్కలో చుండూరు కూడా దొంగ కేసే. ఎనిమిది శవాలున్న దొంగ కేసు.

2018 తీర్పులోని ఆ ఆదేశాల్ని 2019 అక్టోబర్ 1న సుప్రీంకోర్టే వెనక్కి తీసుకుంది. డెబ్బై శాతం మాత్రం ఇంకా తిరుగుతోంది.

మా అంతర్వేదోళ్ళకి ఇది అనుభవమే. 2020 సెప్టెంబర్ 5 అర్ధరాత్రి దాటాక నరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. తెల్లారేసరికి ఫోన్లలో నేరస్తుడి మతం ఖరారైపోయింది. తర్వాత నిరసనల్లో చర్చి మీద రాళ్ళు పడ్డాయి. వారం తిరక్కుండా ప్రభుత్వం కేసుని సీబీఐకి ఇస్తామంది. అంటే ఎవరు చేశారో ప్రభుత్వానికే తేలలేదు. ఫోన్లకి మాత్రం తెలుసు! రథానికి కొత్త రథం 2021 ఫిబ్రవరికి వచ్చేసింది. రాళ్ళు పడ్డ రోజు పక్క వీధోడి మొహంలోకి చూడలేకపోయిన వాళ్ళకి ఏమొచ్చింది?

అప్పుడు "నీకెవరు చెప్పారు?" అని మనం అడిగాం. అడగాల్సిందే. కానీ అదే ప్రశ్న మన గ్రూపుల్లో ఎవరైనా అడిగితే ద్రోహి అంటాం. బాబాసాహెబ్‌కి 32 డిగ్రీలంట. ఎక్కడివి? బొంబాయిలో బి.ఏ., కొలంబియాలో ఎం.ఏ., పీహెచ్‌డీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎం.ఎస్సీ., డి.ఎస్సీ., గ్రేస్ ఇన్‌లో బారిస్టరు. 1952లో కొలంబియా, 1953లో ఉస్మానియా ఇచ్చిన గౌరవ డాక్టరేట్లు కలిపినా ముప్పైరెండు ఎక్కడా రాదు. క్లాసు బయట నిలబెట్టిన పిల్లోడు ఇవి సాధించాడు, చాలవా? రేపు నువ్వు 11,024 గురించి ఎంత సరిగ్గా చెప్పినా, "మీరు 32 అన్నోళ్ళే గదా" అంటే ఏం చెబుతావ్?

ఇదంతా విని తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అన్నా, ఏప్రిల్ 14 ఫ్లెక్సీ ప్రింటుకిచ్చేశాం. అందులో 32 అనే ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆపిస్తా."