బీడీఎస్ చేరిస్తే నెలకెంత?

మొన్న పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి అడిగారు: "సార్, పాపకు ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్ చేరుస్తాం. నెలకెంతొస్తుంది?" మేనేజ్‌మెంట్ సీటు కోసం రెండెకరాలు అమ్మే ఆలోచనలో ఉన్నారు.

దీనికి ఒకే అంకె చెప్పేవారిని నమ్మకండి. బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత వేరేవాళ్ల క్లినిక్‌లో చేరితే జీతమో, చేసిన పనిలో వాటానో ఇస్తారు. సొంత క్లినిక్ అయితే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, అద్దె, ల్యాబ్ బిల్లులు పోగా మిగిలిందే సంపాదన. ఎండీఎస్ చేస్తే విలువ పెరుగుతుంది, దానికి మరో మూడేళ్లు.

అన్నిటికన్నా ముఖ్యం ఊరు. బెంగళూరులో డబ్బు పెట్టేవాళ్లున్నారు, క్లినిక్‌లకూ కొదవ లేదు. మన సోమందేపల్లె వైపు పని లేక కాదు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి గారపట్టిన పళ్లు జిల్లాలో ఎన్ని పల్లెల్లో లేవు! కానీ మనం నొప్పి ఓర్చుకోలేనప్పుడే పోతాం, పోయి "పీకేయండి సార్" అంటాం. డాక్టరుకు నాలుగు డబ్బులు మిగిలేది రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తేనే. అదేమో శెనక్కాయ పండిన ఏడాది మాట.

కడప, విజయవాడల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. నీట్ ర్యాంకుతో అక్కడ సీటొస్తే, ఇష్టముంటే, సంతోషంగా పంపండి. ఎంబీబీఎస్ రాలేదన్న బాధతో భూమి మాత్రం అమ్మొద్దు.

ఆయనకు ఇదే చెప్పి, "పాప ఏమంటోంది?" అన్నాను. ఇంకా అడగలేదట.