పీడన పాత్రల డిజైన్లకు ఎవరి ఆమోదం అవసరం? పశ్చిమ నెల్లూరు చిన్న పరిశ్రమలకు వర్తించే నిబంధనలు

ఉదయగిరి, ఆత్మకూరు: నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్ట ప్రాంతంలో పరిశ్రమ అంటే అధికంగా చిన్న యూనిట్లే. అయితే రైసు మిల్లు బాయిలరు, గ్యాసు ట్యాంకు, నెల్లూరు-ముంబయి రహదారి పక్కన టైర్ల దుకాణంలోని కంప్రెసరు ట్యాంకు, ఈ మూడూ పీడనాన్ని బిగించి ఉంచే పాత్రలే. వాటి డిజైనును ఎవరు ఆమోదించాలన్న ప్రశ్నకు మాత్రం చట్టం మూడు వేర్వేరు సమాధానాలు చెబుతోంది.

ఇంజనీర్లందరికీ వర్తించే ప్రభుత్వ లైసెన్సు విధానం మన దేశంలో లేదు. చార్టర్డ్ ఇంజనీరు సంతకం ఉన్నంత మాత్రాన డిజైను ఆమోదం పొందినట్లు కాదు. ఈ తేడా తెలియక యజమానులు పొరబడేందుకు ఆస్కారం ఉంది.

1923 నాటి చట్టం స్థానంలో వచ్చిన బాయిలర్ల చట్టం, 2025 ప్రకారం 25 లీటర్లకు తక్కువ సామర్థ్యం గలవి, చదరపు సెంటీమీటరుకు 1 కిలోగ్రాము లోపు పీడనంతో పనిచేసేవి, నీటిని 100 డిగ్రీల లోపే వేడిచేసేవి బాయిలరు నిర్వచనంలోకి రావు. మిగిలిన వాటి డ్రాయింగులకు తయారీకి ముందే ఆమోదం పొందవలసి ఉంటుంది. రిజిస్ట్రేషను, ధ్రువపత్రం లేనిదే వాటిని నడపరాదు.

1,000 లీటర్లకు మించిన నీటి పరిమాణం గల గ్యాసు పాత్రలు 2016 నాటి స్థిర, సంచార పీడన పాత్రల నిబంధనల పరిధిలోకి వస్తాయి. వీటి ఆమోదాధికారం నాగపూరు ప్రధాన కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థది. పై రెండు సందర్భాల్లోనూ కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేదు.

అసలు చిక్కు కంప్రెసరు ట్యాంకు దగ్గరే. అందులో నిప్పు లేదు, కనుక బాయిలరు కాదు. గాలి ట్యాంకులను గ్యాసు పాత్రల నిర్వచనం స్పష్టంగా మినహాయించింది. ఇక మిగిలింది కర్మాగారాల చట్టం, 1948. అదైనా సురక్షిత పీడనం మించకుండా చర్యలు కోరినదే తప్ప, డిజైనుకు ముందస్తు ఆమోదం కోరలేదు. పైగా విద్యుత్తు వాడే చోట కనీసం 10 మంది కార్మికులుంటేనే అది వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత నియమావళి కర్మాగార నిర్వచనంలో ఆ సంఖ్యను 20కి పెంచింది. ఇద్దరు పనివాళ్ల దుకాణం అప్పుడూ ఇప్పుడూ ఆ గీతకు బయటే ఉంది. పాత ట్యాంకుకు తుప్పు పట్టిన చోట అతుకు వేయించి మళ్లీ గాలి నింపితే, మొదటి డిజైను లెక్కలు ఇక చెల్లవు. దాన్ని పట్టి చూసే అధికారి ఎవరో ఏ చట్టమూ సూటిగా చెప్పదు.

డిజైను ఆమోదం ఒక్కటే రక్షణ కాదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో గ్యాసు గోళాలు పేలి సుమారు 60 మంది మరణించారు. అక్కడ ప్రమాదానికి మూలం గోళాల డిజైను కాదు, ఓడ నుంచి గ్యాసును తెచ్చే పైపులైనులో ఏర్పడిన లీకు.

కొత్త యూనిట్లకు అనుమతులిచ్చే అధికారులు యంత్రాల జాబితాలో గాలి ట్యాంకును కూడా విడిగా నమోదు చేయించి, తయారీదారు పరీక్షా పత్రాన్ని, సేఫ్టీ వాల్వు, ప్రెషరు గేజీ వివరాలను అడగడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.