కొంపియేన్ అడవిలోని రైలుపెట్టె

జాతులు తమ విజయములకు గుర్తులు నిలుపుకొనుట సహజము. కాని యా గుర్తు జరిగినదానికి సాక్షిగా నుండవలెనా, ఓడినవానిని దెప్పిపొడుచుటకు సాధనముగా నుండవలెనా యను విచారణ మాత్రము అరుదు. ఫ్రాన్సుదేశమున కొంపియేన్ అడవిలోనున్న యొక రైలుపెట్టె చరిత్రము ఈ విచారణకు మనలను పురికొల్పుచున్నది. డెబ్బదివేలకు పైగా భారతసైనికులు మడిసిన మొదటి మహాయుద్ధమునకు విరామము కుదిరినది అట్టి పెట్టెలోనే. కావున నీ కథ మనకు పరాయిది కాదు.

ఆ పెట్టె పుట్టినది యుద్ధము కొఱకు కాదు, విందుల కొఱకు. ధనికుల ప్రయాణసౌఖ్యమునకై ఐరోపాఖండమంతట నిద్రపెట్టెలను, భోజనపు పెట్టెలను నడిపిన వాగన్‌లీ సంఘమువారు 1914 లో పారిసు చెంతనున్న సేన్‌దెనీ కార్ఖానాలో దీనిని కట్టించిరి. 1883 లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్సును నడుప మొదలిడినవారును వీరే. మెఱుగుపెట్టిన టేకుపలకల యీ భోజనపు పెట్టెకు 2419 అను సంఖ్యనిచ్చిరి. అది పట్టాల కెక్కిన కొలదికాలమునకే యుద్ధము వచ్చిపడెను. 1918 లో మిత్రసేనల యధిపతియగు మార్షల్ ఫోష్ కొఱకు దీనిని కార్యాలయముగా మార్చిరి. ఆ యేడు నవంబరు 11 వ తేదీ తెల్లవారుజామున అయిదుగంటలు దాటిన పిమ్మట ఇందే ఉభయపక్షములవారును యుద్ధవిరామపత్రముపై సంతకములు చేసిరి. పగలు పదునొకండు గంటలకు ఫిరంగులు మూగవోయెను. జర్మను ప్రతినిధులకు నాయకుడై వచ్చిన ఎర్జ్‌బెర్గరును, ఆ సంతకమే నేరముగా నెంచిన స్వదేశీయులే 1921 లో కాల్చిచంపిరి.

ఆ సంవత్సరముననే ఫ్రెంచివారు పెట్టెను పారిసులోని ఇన్వాలీడ్ భవనపు ముంగిట నిలిపిరి. గౌరవము దక్కినది గాని కప్పు దక్కలేదు. ఎండకును వానకును ఆఱేండ్లు నానియెండి కొయ్య చెడినది. పిమ్మట ఫ్లెమింగను అమెరికా దాత యిచ్చిన ద్రవ్యముతో దానిని బాగుచేయించి, సంతకములు జరిగిన యడవిలోనే యొక మందిరము కట్టి, 1927 నవంబరు 11 న అందుంచిరి. ఇంతవఱకును మెచ్చదగిన పనియే. కాని యాచోటనే, జర్మను సామ్రాజ్యపు పాపిష్ఠిగర్వము ఇక్కడ కూలినదను నర్థము వచ్చునట్లు ఒక పెద్దరాతిపై చెక్కించిరి. కత్తిపోటు తిని నేలగూలిన జర్మను గ్రద్ద బొమ్మను గూడ దాపున నిలిపిరి. సాక్షిగా నుండవలసిన పెట్టె అంతటితో జయచిహ్నమైనది.

ఓడినవాడు ఆ రాతిని మఱవలేదు. 1940 జూనులో ఫ్రాన్సు లొంగిపోగా, హిట్లరు పంపున మందిరపు గోడ పడగొట్టి, పెట్టెను వెలుపలికి లాగి, 1918 లో నిలిచిన తావుననే నిలిపిరి. జూను 21 న అతడు వచ్చి ఫోష్ కూర్చున్న యాసనమున కూర్చుండి, పీఠిక చదువుట ముగియగనే లేచిపోయెను. మఱునాడు ఫ్రెంచివారిచేత సంతకము చేయించిరి. రాతిని పగులగొట్టిరి. పెట్టెను బెర్లినునకు కొనిపోయి వేడుక చూపిరి. పాడుపడిన యా మైదానమున ఫోష్ విగ్రహమును మాత్రము ఒంటిగా విడిచిరి. 1945 లో తురింగియా ప్రాంతమున ఆ పెట్టె కాలి బూడిదయైనది. పగకై కాచినవస్తువు పగకే ఆహుతియైనదనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱేల?

ఇప్పుడు కొంపియేన్‌లో నున్నది దాని తోబుట్టువు. అదే సంఘమువారు అదే వరుసలో 1913 లో కట్టించిన 2439 సంఖ్యగల పెట్టెను 1950 లో అక్కడ నిలిపి, దానికి 2419 అను సంఖ్యను వేసిరి. ఇది మోసమని కొందఱనవచ్చును. మేమట్లనము. కాలిన కొయ్య తిరిగిరాదు. ఆ గది యెంత యిఱుకో, ఆ బల్లకు ఈవలావల మనుష్యులెంత దగ్గఱగా కూర్చుండిరో చూపుటకు తోబుట్టువు చాలును. అయితే మార్చిన సంఖ్య ప్రక్కనే పుట్టుసంఖ్యను, అసలుది కాలిన సంగతిని చూడవచ్చిన ప్రతిబాలునకును తెలుపవలెను. పాతవస్తువులను కాపాడువారికి సత్యమే మొదటిధర్మము. బూడిదయైనదని చెప్పిననాడే ఆ కథకు అర్థము కలుగును.

2018 నవంబరు 10 న, యుద్ధవిరామము నూఱేండ్లు నిండనున్న తఱిని, ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రోనును జర్మను ఛాన్సలరు మెర్కెలును ఈ పెట్టెలో ప్రక్కప్రక్కన కూర్చుండిరి. రెండు జాతుల సయోధ్యను తెలుపు నొక క్రొత్త ఫలకమును ఆవరణమున ఆవిష్కరించిరి. పాతరాయియు అక్కడనే యున్నది. దానిని తొలగింపవలదనియే మా యభిప్రాయము. నాటి క్రోధమును దాచిపెట్టినచో నేటి సయోధ్య విలువ తెలియదు. రెండు శాసనములను వరుసగా చదివినవానికి, ఆ రెంటి నడుమ ఎంత నెత్తురు పాఱినదో తెలియును.

పాతవస్తువునకు కప్పు కావలెను. కాపాడువానికి సత్యము కావలెను. గెలిచినవానికి నిగ్రహము కావలెను. మొదటిది ధనముతో వచ్చును. తక్కిన రెండును జాతి తనంతట తాను అలవఱచుకొనవలసినవి. అవి కొఱవడినచోట ఎంత దిట్టమైన మందిరపు గోడయు నిలువదని కొంపియేన్ చెప్పుచున్నది.