బ్రౌజింగ్ సెంటర్లో మౌస్ ఎవరి చేతిలో ఉంది?

మాది యానాం. చదువు కోసం వచ్చి పుదుచ్చేరి మేట్టుపాళయంలో, పారిశ్రామికవాడ దగ్గర గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మా ఊళ్లో నెట్ సెంటర్ అనేదాన్ని ఇక్కడ బ్రౌజింగ్ సెంటర్ అంటారు. పేరులో బ్రౌజింగ్ ఉంది గానీ, నేను వెళ్లే చోట వచ్చినవాళ్లెవరూ బ్రౌజ్ చేయరు. కాగితాలు ఇస్తారు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్తారు, డబ్బులిచ్చి ప్రింటు తీసుకుని వెళ్తారు. మౌస్ సెంటర్ నడిపే మనిషి చేతిలోనే ఉంటుంది.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో మా ఊరి తమ్ముడొకడితో అక్కడికి వెళ్లాను. వాళ్ల నాన్న ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేస్తాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది వీడొక్కడే. నిరుటి దరఖాస్తు ఏమైందో చూద్దామంటే వాడికి పాస్‌వర్డ్ తెలియదు. "సెంటర్ అన్న దగ్గర ఉందన్నా" అన్నాడు. ఆయన ఒక నోట్‌బుక్ తీశాడు. పేజీల నిండా పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు. ఆయన చెడ్డవాడు కాదు, సాయమే చేస్తున్నాడు. కానీ కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా అన్నింటికీ తాళంచెవి పరాయి నోట్‌బుక్‌లో ఉంది.

సాంకేతిక పత్రాల్లో బ్రౌజర్‌కు 'యూజర్ ఏజెంట్' అని పేరు. అంటే వాడేవారి తరఫున పనిచేసేది. మనం చిరునామా కొడితే ఆ వెబ్‌సైట్ ఏ కంప్యూటర్లో ఉందో వెతుకుతుంది, పేజీ కావాలని అడుగుతుంది, వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను చదివి తెర మీద పేజీగా పేరుస్తుంది. 1990లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ రాసిన మొదటి బ్రౌజర్ చదవడానికే కాదు, పేజీలు రాయడానికీ పనికొచ్చేది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రజలపరం చేసింది.

పేజీ పంపేది అవతలివాళ్లే అయినా, అది చివరికి ఎలా కనిపించాలో తేల్చేది మన యంత్రంలోని బ్రౌజర్. తెలుగు పాఠకులకు ఇది అనుభవమే. ఒకప్పుడు మన దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గీతలే. వెతకడానికీ, కాపీ చేసుకోవడానికీ వీలుండేది కాదు. అప్పుడు 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. పత్రికలు మారేదాకా ఆగకుండా పాఠకుడే తన బ్రౌజర్‌ను మార్చుకున్నాడు. కంపెనీ ఇచ్చే యాప్‌లో ఈ వెసులుబాటు దొరకదు. అది కంపెనీ తరఫు మనిషి.

ఇదంతా కంప్యూటర్ క్లాసు సంగతి, ఉద్యమానికేం పని అని కొందరు ఆచార్యులు అడగొచ్చు. మహాడ్‌ను గుర్తు చేసుకుందాం. ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగాల్సి వచ్చింది. కాగితం మీది హక్కు మన చేయి తడిస్తేనే మనదవుతుంది.

తప్పంతా మన పిల్లలది కాదు. యానాంలో తెలుగుకు అధికార భాషా చట్టంలోనే చోటుంది, కానీ తమ్ముడు నింపాల్సిన ఫారం ఇంగ్లిష్‌లో ఉంది. దాన్ని ప్రభుత్వాన్నే అడగాలి. అడుగుతూనే మన చేతిలో ఉన్న పని మనం చేసుకోవాలి. వెతికే పెట్టె వేరు, చిరునామా పట్టీ వేరు. వెతికితే పైన వచ్చిందల్లా ప్రభుత్వ సైటు కాదు. చిరునామా పక్కన తాళం గుర్తుంటే దారి భద్రమని అర్థం, అవతలివాడు నిజాయితీపరుడని కాదు. ప్రైవేట్ విండోలో చూసినా ఏ సైటుకు వెళ్లామో కాలేజీ నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. పదిమంది వాడే కంప్యూటర్లో పాస్‌వర్డ్ సేవ్ చేయకూడదు, లేచే ముందు లాగౌట్ కావాలి.

ఆ రోజు తమ్ముడు వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, ఓటీపీ అడిగి, తనే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. దరఖాస్తు నింపడానికి గంటకు పైగా పట్టింది. సెంటర్ ఆయన పది నిమిషాల్లో చేసేవాడు. ఆ గంట దండగ కాదు.

ప్రతి హాస్టల్లో, ప్రతి అంబేద్కర్ స్టడీ సర్కిల్లో దరఖాస్తుల ముందు ఒక సాయంత్రం ఇందుకు కేటాయించండి. సీనియర్లు జూనియర్ల పక్కన కూర్చోండి, అడిగింది చెప్పండి. మౌస్ మాత్రం వాళ్ల చేతిలోంచి తీసుకోకండి.

జై భీమ్.